పందొమ్మిది కిలోమీటర్లు

గంటసేపు తవ్వాను.
కుప్పలోంచి ముందు అద్దం తేలింది, తర్వాత తలుపు.
తలుపు నీలంగా తేలింది.
నా కారు ఎర్రది.

ఎదురింటి ఫ్లోరెట్ అప్పుడే గడప దాటి వచ్చి
శుభ్రంగా తుడిచిపెట్టి ఉన్న తన కారును చూసి
"దేవుడు ఇలాగే మనిషి రూపంలో వస్తాడు ఆదెలార్!" అంది.
కాదని చెబుదామంటే
మీసాలు అప్పటికే గడ్డకట్టి పెదవుల్ని కుట్టేశాయి.
పోతూ పోతూ ఆమె వెనక చక్రాలు
రెండు తట్టల మంచు ఎత్తి నా అసలు కారు మీద పోశాయి.

మళ్ళీ తవ్వాను. ఈసారి ముందు రంగు చూసుకుని.

తాళం తిరగదు.
లైటరుతో తాళంచెవిని కాల్చి, దానితోపాటు వేళ్ళూ కాల్చుకున్నాను.
ఈ వేళ్ళతోనే బతకాలి నేను,
షికుతిమిలో సగం పియానోలకు శ్రుతి చేసేది ఇవే.

కారు కదిలిందో లేదో
మంచు తోసే బండి వీధి మలుపు తిరిగింది.
నేను తెరిచిన దారి నోట్లో
నడుమెత్తు గోడ కట్టి వెళ్ళిపోయింది.
డ్రైవరు మర్యాదగా చెయ్యి ఊపాడు.
నా పెళ్ళిలో అకార్డియన్ వాయించిన మనిషి,
తిట్టడానికీ లేదు.

లాటెరియేర్‌కి పందొమ్మిది కిలోమీటర్లు.
మైనస్ అయిదులో మంచు టైరు కింద
నానిన అట్టముక్కలా నలుగుతుంది.
పదిహేనులో పిండిలా ఒత్తుకుంటుంది.
పాతిక దాటితే కొత్త చెప్పులు: కిర్రు, కిర్రు.
నేను థర్మామీటర్ చూడను, వింటాను.
నాకు భయం
ఏమీ వినపడని చోటంటే.

వంతెన తర్వాత అదే వచ్చింది.
టైర్లు మాట మధ్యలో ఆపేశాయి.
స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది,
కారు మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు.
బ్రేకు తొక్కకు, తొక్కకు అని
నలభై ఏళ్ళుగా ఈ కుడికాలికి చెబుతున్నాను.
కాళ్ళకి చెవులెక్కడివి?
కారు తీరిగ్గా, పెద్దమనిషిలా ఒక చుట్టు తిరిగి
మా ఊరివైపు మొహం పెట్టి ఆగింది,
ఇంక ఇంటికి పోదామన్నట్టు.

మళ్ళీ తిప్పుకుని వస్తుంటే
ఎత్తు చక్రాల పికప్ ఒకటి హారన్ కొడుతూ దాటేసి
అద్దమంతా బురదమంచు చల్లింది.
నీళ్ళు చిమ్మే గొట్టం గడ్డకట్టింది.
కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాను,
ఒక చెవి నాది కాకుండా పోయింది.
రెండు కిలోమీటర్ల అవతల అదే పికప్
కాలువలో ముక్కు పైకెత్తి
దీపాలతో ఆకాశంలో ఏదో వెతుకుతోంది.

సంతోషించాను. అబద్ధమెందుకు?
పాట కూడా ఒకటి కూనిరాగం తీశాను.
ఆ తర్వాత, ఆపితే మళ్ళీ కదలదని తెలిసి కూడా,
ఆపాను.

మీసాలింకా సరిగ్గా రాని కుర్రాడు, కాన్వాస్ బూట్లు.
"మా నాన్నకి చెప్పకండి" అన్నాడు,
వాళ్ళ నాన్నెవరో నాకు తెలిసినట్టు.
పక్కన కూర్చుని హీటరు ఇంకా పెంచమన్నాడు.
పావుగంట పోయాక,
"మీరెప్పుడూ ఇంత మెల్లగానే నడుపుతారా?"

తొమ్మిదికి రమ్మన్న మదాం తిబో
పదకొండూ నలభైకి తలుపు తీసి
ఏమీ అనకుండా బఠాణీ సూపు గిన్నె చేతికిచ్చింది.
తాగలేదు. రెండు అరచేతులూ దాని చుట్టూ పెట్టి
వేళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చేదాకా కూర్చున్నాను.
చిటికెనవేలు అందరికన్నా ఆలస్యం.

పొయ్యి వేడికి ఎండి
పియానో తీగలన్నీ చలికాలపు మొహాల్లా దిగిపోయి ఉన్నాయి.
నడిమి స్వరం మీటాను, బిగించాను, మళ్ళీ మీటాను.
అది నిలబడే వేళకి బయట
ఏ చప్పుడూ లేకుండా మళ్ళీ మొదలైంది.

కుర్రాడు నా సూపు తాగేస్తూ కిటికీ దగ్గర నిలబడి,
"ఇంతకీ మీ కారు ఏ రంగు?" అన్నాడు.

"ఇప్పుడా?" అన్నాను. "తెలుపు."